జ్వరం వచ్చిన తేదీ



మాకు వైద్యం నేర్పిన మాస్టారికి పొగడ్త గిట్టేది కాదు. అందుకని ఆయన గుణగణాల జోలికి పోకుండా, ఆయన ఓపీ గదిలో ఉన్న ఒక వస్తువు గురించి చెప్పి విషయంలోకి వస్తాను. బల్ల పక్కన గోడకి తిథులు, పండుగలు, మూఢాలు అన్నీ ఉండే తెలుగు క్యాలెండర్ వేలాడేది. "జ్వరం ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగితే "ఓ వారం పది రోజులయింది సారూ" అనేది జవాబు. దానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. "అమావాస్యకి ముందా, తర్వాతా? పిల్లాడు బడి మానేసింది ఏ వారం? నువ్వు కూలికి పోవడం ఎప్పుడు ఆపేశావు?" అని అడుగుతూ, వేలు క్యాలెండరు గళ్ల మీద జరుపుతూ, ఒక గడి దగ్గర ఆగేవారు. ఆ తేదీ కేసు షీటులో మొదటి వరసలో పడాలి. ఎవరైనా "ఐదు రోజులుగా జ్వరం" అని రాస్తే అడ్డంగా గీత కొట్టి, "ఇది ఇవాళ్టికే నిజం. ఎల్లుండి రౌండ్స్‌లో చదివేవాడికి అబద్ధం" అనేవారు.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఆ గీత గురించే. వైరల్ జ్వరాల్లో నూటికి తొంభై పైన వాటంతట అవే పోతాయి. మిగిలిన కొన్నింటిలో వచ్చే అరుదైన చిక్కుల్ని చూస్తే ఒక సంగతి కనబడుతుంది. వాటిలో చాలా వరకు జ్వరం ఉన్నప్పుడు కాదు, జ్వరం పోయాక బయటపడతాయి. కొన్ని మర్నాడు, కొన్ని నెలకి, కొన్ని ఏడెనిమిదేళ్లకి. అప్పటికి గొంతులోంచి తీసిన నమూనాలో వైరస్ ఉండదు, రక్తంలో ఉండదు. పీసీఆర్ పరీక్ష ఇవాళ ఒంట్లో ఏముందో చెబుతుంది. యాంటీబాడీ పరీక్ష గతాన్ని కొంత చెబుతుంది, కానీ ఏ యాంటీబాడీ కోసం వెతకాలో మనకి ముందే తోచాలి. తోచాలంటే పాత జ్వరం సంగతి ఎవరో ఒకరు అడిగి ఉండాలి.

తేదీలు అడగడమే పనిగా పెట్టుకుని వైద్య చరిత్రలో నిలిచిపోయిన కుర్రాడు ఒకడున్నాడు. పేరు పీటర్ లుడ్విగ్ పానుమ్. డెన్మార్క్ వాడు, అప్పుడే డాక్టరీ పాసయ్యాడు, వయసు 25. 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. ప్రభుత్వం అతన్ని అక్కడికి పంపింది. ఆ దీవుల్లో అంతకు ముందు తట్టు కనబడింది 1781లో. అంటే మధ్యలో 65 ఏళ్లు ఆ రోగం పొడ తెలియని జనం. మొత్తం జనాభా 7,800 దాకా ఉంటే, కొద్ది నెలల్లో 6,000 మందికి పైగా పడకేశారు.

అప్పటికి వైరస్ అనే ఊహే లేదు. సూక్ష్మజీవులే రోగాలకు కారణమని పాశ్చర్, కోఖ్ నిరూపించడానికి ఇంకా కొన్ని దశాబ్దాలుంది. పానుమ్‌కి మైక్రోస్కోపుతో పనేమీ లేదు. పడవల మీద, కాలినడకన ఊరూరూ తిరిగి అడిగాడు: ఈ ఇంట్లో మొదట ఎవరికి పోసింది? దద్దుర్లు ఏ రోజు కనబడ్డాయి? దానికి ముందు ఆ మనిషి ఏ ఊరు వెళ్లాడు, అక్కడ ఎవర్ని కలిశాడు? ట్యోర్నువిక్ అనే చిన్న పల్లె నుంచి పదిమంది మగవాళ్లు ఒకే పడవలో జూన్ 4న వెస్ట్‌మన్నా రేవులో తిమింగలాల వేటకి వెళ్లారు. జూన్ 18న ఆ పదిమందికీ దద్దుర్లు వచ్చాయి. ఇలాంటి లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే, అంటుకున్న రోజు నుంచి దద్దుర్లు కనబడే రోజుకి 13, 14 రోజులు పడుతుందని తేలింది. ఆ లెక్క ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అంతకన్నా గొప్ప సంగతి ముసలివాళ్ల దగ్గర దొరికింది. 1781లో చిన్నపిల్లలుగా తట్టు పడ్డవాళ్లు ఇంకా కొంతమంది బతికి ఉన్నారు. ఇంటిల్లిపాదీ మంచాన ఉన్నా వాళ్లలో ఒక్కరికీ రెండోసారి రాలేదు. ఆ మొదటి దఫాలో తప్పించుకున్న ముసలివాళ్లకి మాత్రం వచ్చింది. ఒకసారి వస్తే 65 ఏళ్ల తర్వాత కూడా శరీరం దాన్ని మరిచిపోదని చెప్పడానికి ఏ ప్రయోగశాలా అక్కరలేకపోయింది. ఆ "మరిచిపోకపోవడం" కొన్నిసార్లు మేలు చేయదని తర్వాతి వందేళ్లలో తెలిసింది. దానికి మనకి బాగా పరిచయమైన ఉదాహరణ డెంగీ.

మన ఆస్పత్రుల్లో ఆగస్టు నుంచి నవంబరు దాకా ఒక దృశ్యం ప్రతి ఏడూ చూస్తాం. ఐదో రోజు పొద్దున జ్వరం దిగుతుంది. చెయ్యి వేసి చూస్తే ఒళ్లు చల్లగా ఉంటుంది. "జ్వరం తగ్గింది కదా సార్, ఇంటికి పోతాం" అని అటెండెంటు బిల్లు కౌంటరు దగ్గర నిలబడతాడు. డెంగీలో ప్రమాదమంతా సరిగ్గా ఆ పూటే మొదలవుతుంది. మూడో రోజుకి, ఏడో రోజుకి మధ్య ఎప్పుడో జ్వరం దిగుతుంది. అప్పటి నుంచి 24 గంటలో, 48 గంటలో రక్తనాళాల గోడలు కొత్త మట్టికుండలా చెమరుస్తాయి. ప్లాస్మా బయటికి ఊరి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది. నిన్న 38 ఉన్న పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఇవాళ 46 అయితే అదే అసలైన హెచ్చరిక గంట. దానితోపాటు కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, చేతులూ కాళ్లూ చల్లబడటం. ఈ గుర్తులున్న మనిషికి కొలిచి కొలిచి సెలైన్ ఎక్కించాలి. తక్కువైతే షాక్‌లోకి జారతాడు. ఎక్కువైతే, లీకు ఆగి ఆ నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చే రోజున ఊపిరితిత్తులు మునుగుతాయి.

కుటుంబం మాత్రం ప్లేట్‌లెట్ల వెంట పరుగెడుతూ ఉంటుంది. దీనికి వాళ్లని తప్పుపట్టను. రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో కనబడేది ఆ అంకె ఒక్కటే మరి. కానీ సింగపూర్, మలేసియా ఆస్పత్రుల్లో 370 మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ప్లేట్‌లెట్లు 20,000 కన్నా తక్కువ ఉండి, పెద్దగా రక్తస్రావం లేనివాళ్లకి ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావాలేమీ తగ్గలేదు, ఇబ్బందులు మాత్రం కాస్త ఎక్కువయ్యాయి. ప్లేట్‌లెట్ల కన్నా పీసీవీ ముఖ్యం, పీసీవీ కన్నా జ్వరం దిగిన వేళ ముఖ్యం అని నేనంటే ఇక్కడున్న కొందరు ఒప్పుకోకపోవచ్చు. నా లెక్క అదే.

ఆ వేళ మనకి సరిగ్గా దొరకనివ్వని అలవాటొకటి ఊళ్లలో పాతుకుపోయింది. రెండో రోజుకే ఆర్‌ఎంపీ దగ్గర సూది పడుతుంది. అందులో డైక్లోఫినాక్ ఉంటుంది, చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా. జ్వరం దిగుతుంది, సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ సూది. నాలుగో రోజు మన దగ్గరికి వచ్చేసరికి జ్వరం తనంతట తాను దిగిందా, సూదితో దిగిందా అన్నది ఎవరికీ తెలియదు. అందుకే జ్వరం వచ్చిన తేదీతోపాటు సూది వేయించుకున్న తేదీలు కూడా అడగాలి, అదీ ఆర్‌ఎంపీని తిట్టకుండా అడగాలి. తిడితే ఆ సంగతి మన దగ్గర దాస్తారు.

ఇక శరీరం మరిచిపోకపోవడం గురించి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చిపోతే ఆ రకం మళ్లీ రాదు. కానీ వేరే రకం వస్తే, పాత యాంటీబాడీలు ఆ కొత్త వైరస్‌ను అంటుకుంటాయే గాని చంపలేవు. పైగా దాన్ని తెల్లకణాల్లోకి తీసుకెళ్లి దించుతాయి. థాయ్‌లాండ్ పిల్లల్ని చూసి స్కాట్ హాల్‌స్టెడ్ అనే పరిశోధకుడు ఈ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. క్యూబా దీవి దానికి సాక్ష్యం ఇచ్చింది. 1977లో అక్కడ ఒకటో రకం డెంగీ వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చింది. 3,44,000 మందికి పైగా జబ్బు పడ్డారు, 158 మంది పోయారు. పిల్లల్లో, పెద్దల్లో తీవ్రమైన జబ్బు కనబడింది గాని, ఒకటో రకం వచ్చిపోయాక పుట్టిన పసివాళ్లు చాలావరకు తేలిగ్గా బయటపడ్డారు. తర్వాత 1997లో అదే దీవిలోని శాంటియాగో నగరంలో మళ్లీ రెండో రకమే వచ్చింది. ఈసారి తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లంతా పెద్దవాళ్లు. 1977 నాటి జ్వరం తగిలే వయసు వాళ్లది. ఇరవై ఏళ్ల నాటి యాంటీబాడీ అంతకాలం కాచుకుని ఉందన్నమాట. మన దగ్గర నాలుగు రకాలూ కలిసి తిరుగుతున్నాయి కాబట్టి ఇంత శుభ్రమైన లెక్క దొరకదు. "ఇంతకు ముందెప్పుడైనా డెంగీ వచ్చిందా, ఏ సంవత్సరం?" అన్న ప్రశ్నకి మాత్రం ఇక్కడా విలువుంది.

డెంగీలోనే ఇంకో తిరకాసు. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు దాటినా జ్వరం దిగదు. ప్లేట్‌లెట్లతోపాటు హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా జారిపోతుంటాయి. ప్లీహం తగులుతుంది. టైఫాయిడ్ కూడా తోడయిందని యాంటీబయోటిక్ మారుస్తారు. ఇక్కడ ఒక చవకైన పరీక్ష కళ్లు తెరిపిస్తుంది. ఇంత జ్వరంతో ఉన్న మనిషికి ఈఎస్ఆర్ వంద పక్కన ఉండాలి. అది పది, పదిహేనులో ఉంటుంది. మెరుగైందని కాదు. ఎర్రకణాలు త్వరగా కిందికి దిగాలంటే ఫైబ్రినోజెన్ కావాలి, అది అయిపోయింది. అప్పుడు ఫెరిటిన్ చేయిస్తే వేలల్లో, కొన్నిసార్లు పదివేలు దాటి వస్తుంది. మన రక్షక కణాలే అదుపు తప్పి ఎముక మజ్జలో రక్తకణాల్ని మింగుతున్న స్థితి అది, హెచ్ఎల్‌హెచ్ అంటారు. స్టెరాయిడ్లు వేళకి పడితే మనిషి దక్కుతాడు. రెండో రోజు ఆర్‌ఎంపీ వేస్తే ముప్పు తెచ్చే మందు పదో రోజు ప్రాణం నిలిపే మందవుతుంది. మందు ఒక్కటే, తేదీ వేరు.

వైరస్ కానిదాన్ని వైరస్ అనుకునే సందర్భాలూ ఉన్నాయి. బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా మే, జూన్ నెలల్లో పిల్లలు ఫిట్స్‌తో పడిపోయి గంటల్లో చనిపోయేవారు. ఏళ్ల తరబడి దాన్ని మెదడువాపు అనే పిలిచారు, వైరస్ కోసమే వెతికారు, దొరకలేదు. 2014లో అక్కడి రెండు ఆస్పత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు, 122 మంది పోయారు. ఆ ఏడు దర్యాప్తు చేసినవాళ్లు వేళని పట్టుకున్నారు. ఫిట్స్ మొదలయ్యేది తెల్లవారుజామున. ముందురోజు పిల్లలు లీచీ తోటల్లో తిరిగి పళ్లు తిన్నారు, రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు. వచ్చేసరికి చాలామందిలో రక్తంలో చక్కెర అడుగంటి ఉంది. లీచీలో ఉండే హైపోగ్లైసిన్, దాని దగ్గరి చుట్టమైన ఇంకో పదార్థం, పస్తు ఉన్న ఒంట్లో చక్కెర తయారీని ఆపేస్తాయి. బాగా తిన్న పిల్లవాడికి ఏమీ కాదు. ఈ వివరణకి కొందరు నిపుణుల అభ్యంతరాలు ఇప్పటికీ ఉన్నాయి. అయినా రాత్రి భోజనం పెట్టి పడుకోబెట్టండని, ఆస్పత్రికి రాగానే గ్లూకోజ్ ఎక్కించండని చెప్పడానికి ఆ వాదన తేలేదాకా ఆగనక్కరలేదు.

దీనికి ఎదురుగా మన సొంత అనుభవం ఒకటుంది. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, పిల్లలు జ్వరంతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకొచ్చారు. 329 మందిలో 183 మంది చనిపోయారు. చాలామంది చేరిన ఒకటి రెండు రోజుల్లోనే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ దాన్ని చండీపుర వైరస్‌గా గుర్తించింది. 1965లో నాగపూర్ దగ్గరి చండీపుర అనే ఊళ్లో ఇద్దరు జ్వర రోగుల రక్తంలో మొదట దొరికిందది. ఇసుక ఈగలు మోసుకొస్తాయి. జరిగింది మెదడువాపా, లేక మెదడు రక్తనాళాల్లో దెబ్బా అని మన పిల్లల వైద్యులే అప్పట్లో గట్టిగా వాదించారు. నాకు ఆ వాదన సగం సబబుగానే తోచింది. కొందరు పిల్లల్లో ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయిన తీరు వాపుకన్నా పక్షవాతాన్నే గుర్తుచేసింది. కానీ చండీపురలో మనం తేదీలు లెక్కపెట్టుకునేంత వ్యవధి ఉండదు. అక్కడ చరిత్ర అడుగుతూనే చేతులు పని చేయాలి.

ఇప్పుడు వ్యవధి బాగా ఎక్కువ ఉన్న కేసుకి వస్తాను. అరవై దాటిన రైతు. ఉన్నట్టుండి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. బీపీ లేదు, షుగరు లేదు, చుట్ట కూడా తాగడు. స్కాన్‌లో ఎడమవైపు మెదడులో దెబ్బ కనబడింది. "వయసు వచ్చింది కదా" అనేసి ఆస్పిరిన్ రాసి పంపేయొచ్చు. నుదుటి మీద మూడు విభూతి రేఖలు. తడిగుడ్డతో తుడిస్తే ఎడమ కనుబొమ్మ నుంచి జుట్టు దాకా తెల్లటి చిన్న చిన్న గుంటలు, సరిగ్గా ముఖం మధ్య గీత దగ్గర ఆగిపోయి ఉన్నాయి. "ఇదేంటి పెద్దాయనా?" "సర్పి లేచింది బాబూ, మొన్న దసరాకి. మంత్రం వేయించి ఎర్రమన్ను పూశారు, తగ్గిపోయింది." ఎవరూ అడగలేదు కాబట్టి ఆయన చెప్పలేదు. కాలూ చెయ్యీ పడిపోవడానికీ నుదుటి పొక్కులకీ సంబంధం ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది?

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఆ వైరస్ నరాల ముడుల్లో చేరి పడుకుంటుంది. ముసలితనంలో లేచి ఒక నరం వెంట పొక్కులుగా వస్తే అది సర్పి. నుదుటి మీద సర్పి లేచినప్పుడు అదే నరం కొమ్మలు మెదడు రక్తనాళాల దాకా వెళతాయి. కొన్ని వారాలకో, నెలలకో వైరస్ వాటి గోడల్ని వాచేలా చేస్తుంది. నుదురు ఎడమ, మెదడు ఎడమ, కాబట్టి పడిపోయేది కుడి పక్క. ఇందులో వెన్నునీటిలో వైరస్ పీసీఆర్ నెగెటివ్ రావడం మామూలే. ఆ వైరస్ యాంటీబాడీ చూస్తేనే ఎక్కువగా దొరుకుతుంది. దొరికితే రక్తనాళంలోకి ఎసైక్లోవిర్ ఎక్కించాలి. ఆస్పిరిన్ ఒక్కటీ చాలదు.

ఆటలమ్మా, సర్పీ ఒకే వైరస్ రెండు అవతారాలని, నిద్రలేచిన పాత వైరసే సర్పి అని 1965లో బలంగా వాదించింది ఏ విశ్వవిద్యాలయ ఆచార్యుడో కాదు. ఇంగ్లండ్‌లో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే ఎడ్గర్ హోప్-సింప్సన్. 1947 నుంచి 16 ఏళ్లు తన దగ్గరికొచ్చిన ప్రతి సర్పి కేసునీ రాసిపెట్టుకున్నాడు. సర్పి ఋతువుల్ని బట్టి రాదు, ఆటలమ్మ వెంబడి కూడా రాదు, వయసుతోపాటు పెరుగుతుందని ఆ నోటుపుస్తకం చూపించింది. ఇక్కడున్న జనరల్ ప్రాక్టీషనర్లలో ఎవరి దగ్గరైనా అలాంటి పుస్తకం ఉంటే ఈ సభ అయ్యాక నాకు చూపించాలని కోరిక.

కోవిడ్ తర్వాత పిల్లల్లో వచ్చిన ఎంఐఎస్-సి గురించి ఎక్కువ చెప్పను, మనందరికీ ఇంకా గుర్తుంది. 2020 ఏప్రిల్ చివర లండన్ వైద్యులు మొదట హెచ్చరించారు. మన దగ్గర 2021 రెండో వేవ్ సద్దుమణిగాక, ఊపిరి పీల్చుకునే వేళకి వచ్చింది. కోవిడ్ తగిలిన రెండు నుంచి ఆరు వారాలకి జ్వరం, ఎర్రటి కళ్లు, ఎండి పగిలిన పెదాలు, కడుపునొప్పి, పడిపోయే బీపీ. అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ బల్ల దాకా తీసుకెళ్లిన పిల్లలున్నారు. పీసీఆర్ నెగెటివ్ వచ్చింది కాబట్టి కోవిడ్ కాదనుకున్నారు. "నెల కిందట ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?" అని అడిగినవాళ్లకి దొరికింది.

గియాన్-బారే కూడా అంతే. విరేచనాలో, వైరల్ జ్వరమో వచ్చిపోయాక ఒకటి రెండు వారాలకి కాళ్ల నుంచి పైకి బలహీనత పాకుతుంది. ఇద్దరు సైనికుల్లో దీన్ని 1916లో వర్ణించారు. 2013-14లో ఫ్రెంచ్ పాలినేషియాలో జికా వచ్చినప్పుడు 42 మందిలో కనబడి, ఆ తేలిక జ్వరానికి ఇంత తోక ఉందని ప్రపంచానికి తెలిసింది. దీని గురించి మన దేశపు నరాల వైద్యులు అడిగే ప్రశ్న ఒకటి ఏ విదేశీ పుస్తకంలోనూ అంత చక్కగా ఉండదు. "నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు నీకు తెలుస్తోందా, ఎవరైనా చెబితే తెలిసిందా?" చెప్పు జారినట్టు తెలుస్తూనే జారితే కండరంలో బలం పోయింది. తెలియకుండా జారితే స్పర్శ పోయింది. బూట్లు తొడుక్కునే దేశాల వాళ్లకి ఈ అదృష్టం లేదు.

చివరిగా, అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. చదువులో చురుకైనవాడే. దసరా సెలవుల తర్వాత చేతిరాత పాడైంది, ఎక్కాలు మరిచిపోతున్నాడు, ఊరికే ఏడుస్తున్నాడు. బళ్లో టీచరు బద్ధకమంది, ఇంట్లో తండ్రి రెండు దెబ్బలేశాడు. తర్వాత అన్నం ముద్ద చేతిలోంచి జారిపోవడం, నడుస్తూ నడుస్తూ టక్కున ముందుకి తూలడం. గాలి సోకిందని తాయెత్తు కట్టించి తెచ్చారు. మాస్టారు పిల్లవాడి చేతికి నిండా నీళ్లున్న స్టీలు గ్లాసు ఇచ్చి పట్టుకోమన్నారు. మమ్మల్ని వాచీ చూడమన్నారు. చెయ్యి ఒక్కసారి విదిలినట్టయి నీళ్లు తొణికాయి. ఏడెనిమిది సెకన్లు నిదానం. మళ్లీ తొణికాయి. మళ్లీ అంతే ఎడం. పిల్లాడు భయపడ్డా, నవ్వినా, మాట్లాడినా ఆ ఎడం పెద్దగా మారలేదు. "చిన్నప్పుడు ఏమైనా జబ్బు చేసిందా తల్లీ?" "ఏం లేదు సారూ... పాలు తాగేటప్పుడు తట్టు వోసింది. వేపాకు కట్టినం, మూడో రోజుకు స్నానం పోసినం. మంచిగనే అయిండు."

అది ఎస్ఎస్‌పీఈ. ఈఈజీలో కొన్ని సెకన్లకోసారి, చెయ్యి విదిలిన ప్రతిసారీ, పెద్ద పెద్ద అలలు లేస్తాయి. వెన్నునీటిలో తట్టు యాంటీబాడీలు విపరీతంగా ఉంటాయి. అమెరికాలోని టెన్నెసీలో డాసన్ 1933లోనే ఇలాంటి రోగి మెదడులో వైరస్ గుర్తులు చూశాడు. ఏ వైరస్ అన్నది తేలడానికి ముప్పయ్యేళ్లకు పైగా పట్టింది. 1967లో బెల్‌ఫాస్ట్ వైద్యులు ఈ రోగుల్లో తట్టు యాంటీబాడీలు చూపారు, 1969లో అమెరికాలో వేరే పరిశోధకులు మెదడు నుంచి తట్టు వైరస్‌నే పెంచగలిగారు. ఒంట్లో ప్రవేశించిన వైరస్‌లో కొంత రూపు మారి, కణం బయటికి రాకుండా ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతూ ఏళ్ల తరబడి మెదడులో ఉండిపోతుంది. ఐసోప్రినోసిన్, ఇంటర్‌ఫెరాన్ లాంటివి కొందరిలో కాలాన్ని కాస్త పొడిగిస్తాయి. ఎక్కువమంది ఒకటి నుంచి మూడేళ్లలో పోతారు. కాబట్టి ఈ రోగానికి సరైన మందు వేయాల్సిన తేదీ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నర దగ్గర ఇంకొకటి, ఎంఆర్ టీకా పడాల్సిన తేదీలవి. టీకా వైరస్ ఈ రోగం తెచ్చిన దాఖలా ఏ మెదడులోనూ దొరకలేదు.

ఇది లక్షలో ఒకరికి వచ్చే రోగమని మాకు నేర్పారు. ఆ లెక్క ఇప్పుడు నిలవదు. కాలిఫోర్నియా వాళ్లు పాత తట్టు కేసుల్నీ, తర్వాత వచ్చిన ఎస్ఎస్‌పీఈ కేసుల్నీ కలిపి చూసి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఐదేళ్ల లోపు తట్టు పడ్డ పిల్లల్లో 1,367 మందికి ఒకరు, ఏడాది లోపు పడ్డవాళ్లలో 609 మందికి ఒకరు. ఏడాది లోపు పిల్లల్లో చాలామందికి టీకా వేసే వయసే వచ్చి ఉండదు. వాళ్లని కాపాడేది చుట్టూ ఉన్న పెద్ద పిల్లలకి పడ్డ టీకా.

కోవిడ్ రెండేళ్లలో ఆ టీకాలు చాలా చోట్ల తప్పాయి. 2022 చివర్లో ముంబయిలో, భివండీలో, మాలేగావ్‌లో, ఇంకా బీహార్, గుజరాత్, జార్ఖండ్, కేరళల్లో తట్టు లేచింది. భివండీ మరమగ్గాల వాడల్లో మన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. పాలమూరు నుంచి ముంబయి కట్టడాల పనికి పోయి, ఏడాదికోసారి వచ్చి, చంటిపిల్లలతో మళ్లీ పోయేవాళ్లున్నారు. ఆ ఏడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు బడిలో చేరారు. పాత లెక్కల ప్రకారం వాళ్లలో ఎవరికైనా ఈ రోగం రావలసి ఉంటే 2028 తర్వాత కొన్నేళ్ల పాటు వస్తుంది. ముంబయిలో కాకపోవచ్చు, వనపర్తిలోనో సిరిసిల్లలోనో, చదువు వెనకబడిందని టీచరు రాసిన చీటీతో మీ ఓపీకే రావచ్చు. హౌస్ సర్జన్లు రాసుకోండి: అలాంటి పిల్లవాడు వస్తే, ఈఈజీ రాసే ముందు, 2022 దీపావళి నుంచి 2023 ఉగాది దాకా ఈ బిడ్డ ఏ ఊళ్లో ఉన్నాడని అడగండి. ఆ జవాబు కేసు షీటులో మొదటి వరసలో, తేదీతో సహా రాయండి.